ఇశ్రాయేలులో అమ్మ ఉన్న నాలుగు నెలలు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం రత్నం మా ఇంటికి వచ్చింది. విజయనగరంలో బంధువుల పెళ్ళికని వచ్చి, చర్చిలో ఎవరినో అడిగి మా ఇల్లు కనుక్కుందట. మేం ఒకరినొకరు చూసుకుని పాతికేళ్ళు దాటింది. జుట్టు సగం నెరిసింది, కాస్త ఒళ్ళు చేసింది, గొంతు మాత్రం అదే. రత్నానిది భావనపాడు. ఇజ్రాయెల్‌లో పద్దెనిమిదేళ్ళు ముసలివాళ్ళ ఇళ్ళలో ఉండి, వాళ్ళకి స్నానాలు చేయించి, అన్నాలు తినిపించి, ఒకరి తర్వాత ఒకరిని సాగనంపి ఊరికి తిరిగి వచ్చేసింది. కాఫీ వద్దంది. వేడినీళ్ళలో నాలుగు పుదీనా ఆకులు వేసి ఇమ్మంది. అది అక్కడి అలవాటు. ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నా పిల్లల గురించి, మా ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది. మా అమ్మ మాట వచ్చేసరికి, "పిన్నమ్మ ఆ బల్ల మీద కూకోని ఆరోజు ఎంత ఏడ్సినాదో. నీకు సెప్పే ఉంటాది గదక్కా," అంది.

"ఏ రోజు?" అన్నాను.

రత్నం నా మొహంలోకి చూసి గ్లాసు కింద పెట్టింది. "సెప్పలేదేటి? అయితే నానెందుకు నోరు జారినానో," అని లేవబోయింది. నేను లేవనివ్వలేదు. అడిగి అడిగి చెప్పించుకున్నాను. ఆమె చెప్పింది రాయాలంటే ముందు ఆ దేశంలో మేం కాపురమున్న ఇంటి సంగతీ, ఆ ఇంట్లో మేం పెట్టుకున్న భాష సంగతీ చెప్పాలి.

మా ఆయన ప్రసాద్ వ్యవసాయ పరిశోధన చేసేవారు. తక్కువ నీళ్ళతో పంట తీసే పద్ధతులు నేర్చుకోవడానికి రెండేళ్ళకని ఆ దేశం వెళ్ళారు, ఎనిమిదేళ్ళు ఉండిపోయాం. బయలుదేరే ముందు ఆదివారం చర్చిలో మమ్మల్ని ముందుకి పిలిచి నిలబెట్టి ప్రార్థన చేశారు. మాకు ఉద్యోగం వచ్చిందని కాదు, పరిశుద్ధ దేశం వెళ్తున్నామని. పెద్దవాళ్ళు కొందరు నా చేతులు కళ్ళకద్దుకున్నారు. మేం గొర్రెల మందల మధ్య, రాతి బావుల పక్కన కాపురం చేస్తామని వాళ్ళ ఊహ. మాకు దొరికింది నారింజ తోటలు ఆనుకుని ఉన్న ఒక చిన్న పట్నంలో మూడో అంతస్తు ఇల్లు. కింద సూపర్ మార్కెట్టు, ఎదురుగా మందుల షాపు, బస్టాపులో భుజానికి తుపాకీ వేసుకుని ఐస్‌క్రీం తినే పద్దెనిమిదేళ్ళ సైనికులు. చలికాలం పోయేటప్పుడు తోటల నుంచి నారింజ పువ్వుల వాసన మెట్ల మీదుగా ఇంట్లోకి వచ్చేది. ఇన్నేళ్ళలో ఆ ఊరి మీద నాకు మిగిలిన ప్రేమ ఏదన్నా ఉంటే ఆ వాసన మీదే.

అప్పటికి షారోనుకి రెండేళ్ళు. ఆ పేరు మా అమ్మ పెట్టింది. జోయెల్ అక్కడే పుట్టాడు. పిల్లలతో ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలని నేను నిర్ణయించాను. మా ఆయన ఒకటి రెండుసార్లు నసిగారు గాని అడ్డు చెప్పలేదు. అడిగినవాళ్ళకి నేను చెప్పే కారణం వేరు. బయట ఎలాగూ హీబ్రూ నేర్చుకుంటారు, మూడు భాషలైతే పిల్లలు తికమకపడతారని నర్సరీ టీచరు చెప్పిందనేదాన్ని. ఆవిడ చెప్పిన మాట నిజమే. అసలు కారణం మాత్రం అది కాదు. నేను విశాఖపట్నంలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నప్పుడు, హాస్టల్లో మొదటి రోజు భోజనాల దగ్గర "ఇదేటి కూర?" అని అడిగాను. బల్ల చుట్టూ ఉన్న అమ్మాయిలు నవ్వారు. తర్వాత రెండేళ్ళు నా పేరు ఏటి. "ఏటీ, నోట్సు ఇస్తావా," "ఏటీ, సినిమాకొస్తావా." నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని. గదిలో కూర్చుని రేడియో వార్తలు చదివేవాళ్ళలాగా మాట్లాడడం సాధన చేసేదాన్ని. నా పిల్లల్ని చూసి ఎవరూ అలా నవ్వకూడదని పట్టుబట్టి, వాళ్ళకి నా నోటి భాషే లేకుండా చేశాను.

ఆ ఇంగ్లీషు కాపురం ఎలా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. పొద్దున్న పిల్లల్ని లేపడం ఇంగ్లీషులో, పళ్ళు తోమించడం ఇంగ్లీషులో, దెబ్బ తగిలితే ఓదార్చడం ఇంగ్లీషులో. నిద్రలో ఏడ్చిన పిల్లాడిని ఎత్తుకున్నప్పుడు నోటిదాకా వచ్చిన మాటని మింగి, పుస్తకంలో చదివిన మాట చెప్పేదాన్ని. మా ఆయనా నేనూ తెలుగులో మాట్లాడుకునేది ఒక్కటే సందర్భంలో, పోట్లాడుకున్నప్పుడు. ఇక పిల్లలు స్కూలుకెళ్ళిన ఏడాదిలోపే వాళ్ళిద్దరి మధ్యా హీబ్రూ మొదలైంది. ఆటల్లో, స్నానాల గదిలో, కారు వెనక సీట్లో అదే. వాళ్ళు ఏమనుకుని నవ్వుతున్నారో నాకు తెలిసేది కాదు. స్కూలు నుంచి వచ్చే కాగితాలు నేను చదవలేను. ఆరేళ్ళ షారోను చదివి, తనకి నచ్చినంతవరకు నాకు చెప్పేది. నా ఇంగ్లీషునీ వదల్లేదు. నేను పలికిన మాటని షారోను తిరగపలికి సరిదిద్దితే జోయెల్ పడీపడీ నవ్వేవాడు. హాస్టల్ బల్లని నేనే తెచ్చి నా వంటింట్లో వేసుకున్నట్టయింది.

షారోనుకి ఏడేళ్ళప్పుడు నాకు కడుపులో ఆపరేషన్ అవసరమైంది. బరువులు ఎత్తకూడదు, మెట్లు దిగకూడదన్నారు. అమ్మని రప్పించాం. ఆరు నెలలు ఉండేలా ఏర్పాటు. మా అమ్మ దీనమ్మ, మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి మానేసి, గజపతినగరంలో మా తమ్ముడి దగ్గర ఉండేది. నాన్న నా చిన్నప్పుడే పోయారు. బెడ్‌పాన్లు కడిగిన చేతులతోనే నన్ను ఎం.ఏ. దాకా చదివించింది. బైబిలు వాక్యం రోజూ చదివేది. ఆ దేశపు ఊళ్ళన్నీ ఆవిడకి మా చుట్టుపక్కల ఊళ్ళలాగే కంఠతా వచ్చు. విమానాశ్రయం బయట సిమెంటు నేలని వంగి ముట్టుకుని వేళ్ళు కళ్ళకద్దుకుంది. "ఇదేనేటే ఇశ్రాయేలు?" అంది. సంచీలో చోడి పిండి, అంటే రాగి పిండి, బెల్లం, మూడు పొట్లాల ఎండు నెత్తళ్ళ చేపలు. మనవరాలి ముందు మోకాళ్ళ మీద కూర్చుని గడ్డం పట్టుకుని, "సారోనూ, నానే, మీ అమ్మమ్మని. నీకోసమని సముద్రాలు దాటొచ్చినానే తల్లీ," అంది.

షారోను నా వెనక్కి జరిగి, "ఆవిడకి నా మీద ఎందుకు కోపం?" అని ఇంగ్లీషులో అడిగింది. మా ఇంట్లో తెలుగంటే పోట్లాట. దానికి వేరే తెలుగు తెలియదు.

అమ్మ తెల్లారకుండానే లేచేది. మోకరించి పైకి ప్రార్థన చేసుకునేది. ఆ గొంతుకి పిల్లలు నిద్ర లేచిపోతున్నారని చెప్తే, బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని చేసుకునేది. వాషింగ్ మెషీన్ మీద నమ్మకం లేక పిల్లల బట్టలు మళ్ళీ చేత్తో జాడించేది. జోయెల్‌కి మూడేళ్ళు. వాడిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, చోడి అంబలి పట్టించి, వాడితో గంటలకి గంటలు మాట్లాడేది. నెల తిరక్కుండా వాడు "దా," "బువ్వ," "సాలు" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు భోజనాల దగ్గర కంచంలోకి చూసి నన్ను అడిగాడు. "ఇదేటి?"

అమ్మ మొహం వెలిగిపోయింది. నేను చెంచా బల్ల మీద పెట్టి, "ఏటి కాదు. ఆ మాట అనకూడదు. బ్యాడ్ వర్డ్," అన్నాను. వాడు బిత్తరపోయి అమ్మమ్మకేసి చూశాడు. అమ్మ వాడికి అన్నం కలుపుతూ, "అవునురా నాన్నా, అమ్మ సదువుకున్నాది. అమ్మ సెప్పినట్టే అను," అంది. ఆ తర్వాత వాడితో ఆవిడ మాటలు తగ్గిపోయాయి. పాటల్లేని కూనిరాగాలు తీస్తూ జోకొట్టేది, అంతే.

ఎండు నెత్తళ్ళ సంగతీ అలాగే అయింది. శుక్రవారం మధ్యాహ్నమైతే ఆ ఊళ్ళో బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూసేస్తారు, ప్రతి ఇంట్లోనూ పండగ వంట. అలాంటి వేళ అమ్మ మూకుడులో నెత్తళ్ళు వేయించింది. నాకు నోరూరింది. నాన్న బతికున్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. ఇంతలో పై అంతస్తు ఆవిడ వచ్చి, మెట్లంతా ఏదో కుళ్ళిన వాసన వస్తోంది, మీ ఇంట్లో ఎలకేమైనా చచ్చిందా అని అడిగింది. షారోను ఏడుస్తూ కిటికీలన్నీ తెరిచింది. అమ్మ మూకుడు దించేసి, మిగిలిన పొట్లాలు మూడు కవర్లలో చుట్టి, "ఎవరికిద్దుమే ఇయ్యి?" అని అడిగింది. ఎవరికన్నా ఇచ్చెయ్యి అన్నాను. నేను ఒక్క ముక్క కూడా తినలేదు.

అవి రత్నానికి ఇచ్చింది. మా ఇంటి కింద చిన్న పార్కు, అందులో బల్లలు. సాయంత్రాలు రకరకాల దేశాల ఆడవాళ్ళు ముసలివాళ్ళని చక్రాల కుర్చీల్లో తోసుకుని వచ్చి కూర్చునేవారు. అక్కడ ఒకమ్మాయి పబ్లిక్ ఫోనులో తమ్ముడిని తిడుతుంటే విని, అమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడిందట. "నీదే ఊరే?" "భావనపాడు. నీదో పిన్నమ్మా?" అంతే. రోజూ నాలుగింటికి అమ్మ కిందికి దిగేది. రత్నం తోసే ముసలాయన నిద్రపోతుంటే ఇద్దరూ అక్కడ కబుర్లాడుకునేవారు. అమ్మ నవ్వు మూడో అంతస్తుకి వినిపించేది. నేను మంచం మీద పడుకుని వినేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆవిడని నేను పలకరించాల్సిన పని తప్పిందని హాయిగా ఉండేది.

స్కూలు నుంచి షారోనుని తీసుకురావడం అమ్మ పని. నడిస్తే పది నిమిషాలు. రత్నం పోయిన నెల నాతో చెప్పింది ఆ దారిలో జరిగిన సంగతి. ముసలాయనకి మందులు కొనడానికి వచ్చి మందుల షాపు ముందు ఆగిందట. షారోను ఇద్దరు స్నేహితురాళ్ళతో వస్తోంది, పక్కన అమ్మ. ఆ పిల్లల్లో ఒకతె అమ్మకేసి చూపించి ఎవరని అడిగింది. షారోను తడుముకోకుండా, "మెతపెలెత్," అంది. అంటే ముసలివాళ్ళనో పిల్లల్నో జీతానికి చూసుకునే మనిషి. రత్నాన్నీ అక్కడ ఆ మాటతోనే పిలుస్తారు.

"నా గురించేనేటే అడిగినాది? మనవరాలేటన్నాది?" అని సాయంత్రం అమ్మ రత్నాన్ని అడిగిందట. రత్నం మొదట అమ్మమ్మ అన్నాదని అబద్ధం చెప్పింది. అమ్మ నమ్మలేదు. అమ్మమ్మని అక్కడ సవ్తా అంటారని అమ్మకి అప్పటికే తెలుసు. పార్కులో పిల్లలు అరుస్తుంటే విని నేర్చుకుంది. షారోను ఎప్పుడన్నా ఆ మాట అంటుందేమోనని చెవులు రిక్కించుకుని ఉండేదట. రత్నం చివరికి చెప్పేసింది.

"మొదల నవ్వినాదక్కా," అంది రత్నం నాతో. "ముప్పై ఏళ్ళు ఆయాగానే సేసినానే, పిల్ల అబద్ధమేటి సెప్పినాది, అన్నాది. అని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్సినాది. నా ముసలాయన లేసి, ఎందుకేడుస్తన్నాదని నన్నడిగినాడు. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాది. కూతురికి ఒంట్లో బాలేదు, తెలిస్తే పిల్లని కొడతాది, అన్నాది."

ఆ తర్వాతి రోజులు నాకు బాగా గుర్తున్నాయి. అమ్మ షారోనుకి పది అడుగులు వెనక నడిచేది. పుస్తకాల సంచీ తన భుజానికి వేసుకునేది. గేటు దగ్గర తల్లుల గుంపులో కాకుండా, అవతల చెట్టు కింద పనివాళ్ళు నిలబడే చోట నిలబడేది. ఇంట్లో మేమందరం తిన్నాక వంటింట్లో నిలబడి తినేది. "కూర్చో అమ్మా" అంటే, "నాకిలాగే అలవాటే," అనేది. వీధిలోది బాల్కనీ నుంచి, గేటు దగ్గరది కాస్త నయమయ్యాక స్కూలుకెళ్ళిన ఒక రోజు, ఇదంతా చూశాను. చూసి, అమ్మకి ఇన్నాళ్ళకి ఈ దేశపు పద్ధతులు తెలిశాయి, పిల్లని ఇబ్బంది పెట్టకుండా ఉండడం నేర్చుకుందని సంతోషపడ్డాను.

నాలుగు నెలలకే వెళ్ళిపోతానంది. "బెంగగా ఉన్నాది. నీకు నయమైపోనాది గదా, పంపించీ," అంది. ఉండమని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు. యెరూషలేము మా ఊరికి గంటన్నర దూరం. నా ఆపరేషనని ఒకసారి, ఎండలని ఒకసారి, ఆయనకి సెలవు లేదని ఒకసారి, ప్రయాణం వాయిదా పడుతూ వచ్చింది. ఈసారి వచ్చినప్పుడు వెళ్దాం లేమ్మా అన్నాను విమానాశ్రయంలో. "అలాగే," అంది.

ఏడాది తిరిగేసరికి అమ్మ పోయింది. పిల్లలకి పరీక్షలని నేనొక్కదాన్నే వచ్చి, భూస్థాపన చేయించి, నాలుగు రోజులుండి వెళ్ళిపోయాను. అప్పుడే మా తమ్ముడు ఒక సంగతి చెప్పాడు. అమ్మ తిరిగొచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచిందట. యెరూషలేము చూశాననీ, యొర్దాను నీళ్ళు తాగాననీ, గలిలయ సముద్రంలో కాళ్ళు కడుక్కున్నాననీ, మనవరాలు చెయ్యి పట్టుకుని అన్నీ చూపించిందనీ చెప్పిందట. జనం ఏడ్చారట. "నీళ్ళు తెచ్చినావేటమ్మా అని అడిగితే, సీసా దార్లో పగిలిపోనాదన్నాది," అన్నాడు తమ్ముడు. జీవితమంతా దేవుడికి భయపడి బతికిన మనిషి దేవుడి ఇంట్లో నిలబడి మా కోసం అబద్ధమాడింది. తమ్ముడికి అది అబద్ధమని ఇప్పటికీ తెలియదు.

షారోనుకి పదోయేడు దాటాక మేం విజయనగరం వచ్చేశాం. ఇక్కడ ఇంగ్లీషు మీడియం స్కూల్లో దాని గోడు ఎవరికీ పట్టలేదు. ఆటల్లో తెలుగు, బస్సులో తెలుగు, తిట్లు తెలుగు. "నాకెందుకు నేర్పలేదు?" అని ఒక ఏడాదిపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఏడాది చివర ఇద్దరినీ దూరంగా, ఇంగ్లీషు తప్ప వినిపించని బోర్డింగ్ స్కూల్లో వేశాం. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఆఫీసులో స్నేహితుల దగ్గర నేర్చుకున్న తెలుగు కొంచెం వచ్చు, అందులో మా యాస ఒక్క ముక్క లేదు. జోయెల్‌కి అదీ లేదు. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకునేటప్పుడు ఇప్పటికీ మధ్యలో హీబ్రూలోకి జారిపోతారు. నేను పక్క గదిలోకి వెళ్ళిపోతాను. ఈమధ్య మా వీధిలో కూరలమ్మే ఆవిడ మనవడితో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుతుంటే విని ఆగిపోతాను. ఏదో చెప్పాలనిపిస్తుంది. చెప్పే అర్హత నాకు లేదు.

రత్నం వచ్చి వెళ్ళిన మర్నాడు షారోనుకి ఫోను చేశాను. రత్నం చెప్పిందంతా చెప్పాను. ఊరికే చెప్పాలని కాదు. అది ఏడవాలని, తప్పయిందని అనాలని నా మనసులో ఉంది. అది ఇంగ్లీషులో నెమ్మదిగా అంది.

"నాకు గుర్తుంది అమ్మా. అది నేను కల్పించిన మాట కాదు. ముందు నువ్వన్నావు."

"నేనా? ఎప్పుడు?"

"అమ్మమ్మ వచ్చిన వారంలోనే. నీ ఆపరేషన్‌కి ముందు. మా టీచరుకి చూపించడానికి తీసుకొచ్చావు. ఈవిడ ఎవరని ఆవిడ అడిగింది. మెతపెలెత్ అన్నావు. నువ్వు తప్పుగా పలికితే ఆవిడ సరిగ్గా మళ్ళీ చెప్పింది. ఇంట్లో నేనూ జోయెల్ చాలా రోజులు నవ్వుకున్నాం, అందుకే గుర్తుంది."

కాదు అన్నాను. అంటూ ఉండగానే గుర్తొచ్చింది. అమ్మ మేజోళ్ళ మీద రబ్బరు చెప్పులు వేసుకుంది. చీర మీద మా ఆయన స్వెట్టరు, చెవులకి తువ్వాలు. టీచరు వెనక ఇద్దరు తల్లులు నిలబడి చూస్తున్నారు. సవ్తా అన్న మాట నాకు రాక కాదు. ఆ దేశంలో అడుగుపెట్టిన వాళ్ళెవరికైనా వచ్చే పది మాటల్లో అదొకటి. నోరు దానంతటదే రెండో మాట వెతుక్కుంది. నా పక్కన అమ్మ, తన గురించే మంచిగా ఏదో చెబుతున్నానని, టీచరుకి రెండు చేతులూ జోడించి నవ్వుతోంది. షారోను తలెత్తి నా మొహంలోకి చూసింది. దానికి ఆ రెండు మాటలూ తెలుసు.

"అమ్మా, ఉన్నావా?" అంది ఫోనులో. ఉన్నానన్నాను.

వారం తర్వాత రత్నం భావనపాడు నుంచి ఫోను చేసింది. ఆవిడకి మనసు మనసులో లేదట, అనవసరంగా చెప్పానని. "పాపతో అన్నావేటక్కా?" అని అడిగింది.

"అన్నాను."

"ఏటన్నాది?"

"తనకేం గుర్తులేదంది," అన్నాను.

"పోన్లే అక్కా. సిన్నపిల్ల గదా అప్పుడు. దానికేటి తెలుస్తాది," అంది రత్నం.

అవునన్నాను.